నాలుగు వెదర్ ఫోర్‌కాస్ట్‌లు కలిపి మీ చోటుకి సరిపోయే ఒక ఫోర్‌కాస్ట్ తయారు చేసుకోవడం ఎలా

మీ ఫోన్‌లో మూడు వెదర్ యాప్‌లు ఉన్నాయనుకోండి, ఒకటి రేపు 36 డిగ్రీలు అంటోంది, ఇంకోటి 33, మూడోది 34.5, వాన సంగతి చూస్తే ఒకటి పడుతుందంటే ఇంకోటి పడదంటోంది. అప్పుడు చాలామంది తమకి నచ్చిన యాప్ మాట నమ్మేస్తారు, కొంచెం ఓపిక ఉన్నవాళ్ళు మూడూ కూడి మూడుతో భాగిస్తారు. కలపడం అనేది నిజంగా మంచి ఐడియా, పెద్ద వాతావరణ సంస్థలు చేసేది కూడా అదే, అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ వాడే నేషనల్ బ్లెండ్ ఆఫ్ మోడల్స్ ఇలాంటిదే, చాలా మోడల్స్ తీసుకుని వాటి తప్పులు సరిదిద్ది ఒక్క ఫోర్‌కాస్ట్‌గా ఇస్తుంది. అందులో "సరిదిద్ది" అన్న ముక్కే అసలు విషయం, మనం వదిలేసేది కూడా అదే.

నేను మొదలుపెట్టిన కొత్తలో రెండు నెలలు నేరుగా సగటు తీశాను, అది ఉన్నవాటిలో బెస్ట్ మోడల్ కన్నా ఏమాత్రం మెరుగ్గా రాలేదు, ఎందుకా అని ఒక్కోదాని తప్పు విడిగా రాసి చూస్తే మూడిట్లో రెండు రోజూ ఒకే వైపు తప్పుతున్నాయి. ఒకటి ఎక్కువ చెప్పి ఇంకోటి తక్కువ చెప్తే సగటులో ఆ తప్పులు కొట్టుకుపోతాయి, రెండూ ఎక్కువే చెప్తుంటే సగటు కూడా ఎక్కువే చెప్తుంది కదా. అందుకే ముందు ఒక్కో సోర్స్‌కి మీ చోట ఉన్న అలవాటు ఏంటో కొలిచి దాన్ని తీసెయ్యాలి, ఆ తర్వాతే కలపాలి. కావాల్సినవి ఒక స్ప్రెడ్‌షీట్, నమ్మదగిన ఒక థర్మామీటర్, రోజుకి ఐదు నిమిషాలు. కోడింగ్ వస్తే పని తగ్గుతుంది కానీ రాకపోయినా నడుస్తుంది.

ముందు మీ దగ్గర నిజంగా ఎన్ని సోర్స్‌లు ఉన్నాయో చూస్కోండి

యాప్ వేరు, మోడల్ వేరు. యాప్‌లు చాలావరకు సొంతంగా వాతావరణాన్ని లెక్కకట్టవు, ఏదో ఒక సంస్థ సూపర్ కంప్యూటర్‌లో నడిపిన మోడల్ అంకెలు తీసుకుని అందంగా చూపిస్తాయి. మీ మూడు యాప్‌ల వెనకా ఒకే మోడల్ ఉంటే మీరు ఒకే మనిషిని మూడుసార్లు అడిగి ముగ్గురూ ఒకే మాట చెప్పారని సంబరపడుతున్నట్టు. అందుకే యాప్‌లు పక్కన పెట్టి నేరుగా మోడల్స్ దగ్గరికి వెళ్ళండి.

ప్రపంచం మొత్తానికి లెక్కకట్టే మోడల్స్‌లో ముఖ్యమైనవి చెప్తాను. అమెరికా వాళ్ళ జీఎఫ్‌ఎస్, రోజుకి నాలుగుసార్లు, అంటే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) టైమ్‌లో 00, 06, 12, 18 గంటలకి నడుస్తుంది, 16 రోజుల దాకా ఇస్తుంది, దాని గడి, అంటే లెక్క కోసం భూమిని విడగొట్టే ఒక్కో ముక్క, సుమారు 13 కిలోమీటర్లు. యూరప్ సెంటర్ ఈసీఎండబ్ల్యూఎఫ్ వాళ్ళ ఐఎఫ్‌ఎస్, గడి సుమారు 9 కిలోమీటర్లు. జర్మనీ వాతావరణ సంస్థ వాళ్ళ ఐకాన్, ఇది కూడా 13 కిలోమీటర్ల దగ్గరే. ఇవి కాక బ్రిటన్, కెనడా, జపాన్ వాళ్ళవి ఉన్నాయి. మీరుండే చోటుని కవర్ చేసే చిన్న గడి మోడల్ ఏదైనా ఉంటే, ఉదాహరణకి ఐకాన్-డీ2 జర్మనీ, దాని చుట్టుపక్కలకి 2 కిలోమీటర్ల గడితో ఇస్తుంది, అలాంటిది తప్పకుండా చేర్చుకోండి.

2025 ఫిబ్రవరిలో ఈసీఎండబ్ల్యూఎఫ్ తన ఏఐ మోడల్ ఏఐఎఫ్‌ఎస్‌ని రోజువారీ వాడకంలోకి తెచ్చింది, అది భౌతిక శాస్త్ర సమీకరణాలు లెక్కకట్టదు, పాత వాతావరణ డేటా చూసి నేర్చుకుంది కాబట్టి తప్పే తీరు కొంచెం వేరుగా ఉంటుంది, కలపడానికి అది మంచిదే. కాకపోతే మొదలయ్యే చోటు మాత్రం అదే సంస్థ తయారుచేసిన వాతావరణ చిత్రమే, కాబట్టి ఐఎఫ్‌ఎస్, ఏఐఎఫ్‌ఎస్ రెండూ ఉంటే వాటిని పూర్తిగా ఇద్దరు వేరే సాక్షులని అనుకోకండి.

ఇవన్నీ ఒక్క చోట కావాలంటే ఓపెన్-మెటియో అనే వెబ్‌సైట్ బాగుంటుంది, వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకుంటే ఉచితం, రోజుకి పదివేల రిక్వెస్ట్‌ల లోపు అయితే ఏపీఐ కీ అనే కోడ్ కూడా అక్కర్లేదు. అక్షాంశం, రేఖాంశం ఇచ్చి మోడల్స్ పేర్లు విడివిడిగా ఎంచుకోండి, ఏమీ ఎంచుకోకపోతే అదే ఏదో ఒకటి బెస్ట్ అని ఎంచి ఇచ్చేస్తుంది, మనకి అది వద్దు. మూడు నుంచి ఐదు మోడల్స్ చాలు.

మీ చోట నిజంగా ఎంత ఉందో కొలవండి

అసలు పని అంతా దీని మీదే నిలబడుతుంది, ఎందుకంటే మీ కొలతే తప్పయితే మీరు మంచి మోడల్‌ని చెడగొట్టి మీ థర్మామీటర్ తప్పుకి అనుగుణంగా మారుస్తారు. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకారం గాలి టెంపరేచర్ నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలవాలి, సెన్సర్ మీద ఎండ పడకూడదు, కానీ గాలి బాగా ఆడాలి. రేకుల కింద, కాంక్రీట్ గోడకి ఆనించి, ఏసీ బయటి యూనిట్ పక్కన పెడితే రెండు మూడు డిగ్రీలు ఊరికే పెరిగిపోతుంది. తెల్లటి జాలీ పెట్టెలు మీరు చూసే ఉంటారు, స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, లైట్‌హౌస్‌లు కట్టిన థామస్ స్టీవెన్సన్ అనే ఇంజినీర్ డిజైన్ అది, ఇప్పుడు హోమ్ వెదర్ స్టేషన్లతో వచ్చే ప్లేట్లు పేర్చినట్టుండే ప్లాస్టిక్ కవర్ చేసే పని కూడా అదే.

సొంత స్టేషన్ లేకపోతే దగ్గర్లోని ఎయిర్‌పోర్ట్ మెటార్ రిపోర్ట్‌లు (విమానాల కోసం ఇచ్చే వాతావరణ కొలతలు) వాడొచ్చు, గంటకో అరగంటకో ఒకటి వస్తుంది, నమ్మకమైనది కూడా, కాకపోతే అందులో టెంపరేచర్ పూర్తి డిగ్రీల్లోనే ఉంటుంది, గాలి వేగం చాలా దేశాల్లో నాట్‌లలో ఉంటుంది, 1 నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. ఇంకోటి, ఎయిర్‌పోర్ట్ అంటే విశాలమైన బయలు, మీరు ఇళ్ళ మధ్యలో ఉంటే రాత్రి టెంపరేచర్‌లో తేడా బాగా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని వాడితే మీరు తయారుచేసేది ఎయిర్‌పోర్ట్ ఫోర్‌కాస్ట్ అని గుర్తుపెట్టుకోండి.

చుట్టుపక్కల వాళ్ళ స్టేషన్ల డేటా ఇంటర్నెట్‌లో దొరికితే మూడు నాలుగు తీసుకుని మధ్య విలువ వాడండి, సగటు కాదు, ఎందుకంటే అందులో ఒకటి ఎండలో ఉండొచ్చు, ఇంకోటి వంటింట్లో ఉండొచ్చు. ఒకే అంకె ఐదారు గంటలు కదలకుండా ఉంటే సెన్సర్ హ్యాంగ్ అయినట్టు. పక్క స్టేషన్లన్నిట్లో వాన పడి ఒక్కదాంట్లో సున్నా ఉంటే ఆ రెయిన్ గేజ్‌లో ఆకో సాలెగూడో అడ్డుపడి ఉంటుంది. అలాంటి రోజుల్ని ఖాళీగా వదిలెయ్యండి, ఊహించి నింపకండి.

షీట్ మొదలుపెట్టడం

ఒక రోజుకి ఒక వరస. తేదీ, ఒక్కో మోడల్ చెప్పిన గరిష్ఠం, కనిష్ఠం, మీరు కొలిచిన గరిష్ఠం, కనిష్ఠం. రోజూ ఒకే టైమ్‌కి, అంటే సాయంత్రం ఏడింటికైతే ఏడింటికే, రేపటి ఫోర్‌కాస్ట్ రాసుకోండి. ఇక్కడ చాలామంది చేసే పెద్ద పొరపాటు ఏంటంటే మధ్యాహ్నం యాప్ తెరిచి ఈరోజు గరిష్ఠం ఎంత చెప్తోందో రాసుకుంటారు, అప్పటికి యాప్‌కి సగం రోజు ఎలా గడిచిందో తెలుసు, అది ఫోర్‌కాస్ట్ కాదు. రేపటికి ఒక కాలమ్, మూడో రోజుకి ఒకటి, ఐదో రోజుకి ఒకటి విడివిడిగా పెట్టండి, వాటి తప్పులు వేరు, వాటిని కలిపేస్తే దేనికీ పనికిరావు.

నెల రోజులు ఆగే ఓపిక లేకపోతే ఒక దారి ఉంది, ఓపెన్-మెటియోలో పాత రన్‌ల (మోడల్ ఒక్కోసారి నడిచి ఇచ్చిన ఫోర్‌కాస్ట్‌ల) విభాగం ఉంది, ఫలానా రోజు గురించి ఒక రోజు ముందు ఏం చెప్పింది, రెండు రోజుల ముందు ఏం చెప్పింది, అలా ఏడు రోజుల ముందు దాకా ఇస్తుంది. మీ దగ్గర పాత కొలతలు ఉంటే ఇవాళే లెక్క మొదలుపెట్టొచ్చు.

టైమ్ విషయం ఒకటి. మోడల్స్ యూటీసీలో మాట్లాడతాయి, మీ రోజు మీ లోకల్ టైమ్‌లో నడుస్తుంది, మార్చకుండా రోజు గరిష్ఠం తీస్తే కొన్నిసార్లు నిన్నటి మధ్యాహ్నం ఇవాళ్టి లెక్కలో పడుతుంది. వానలో ఇది ఇంకా గందరగోళం, చాలా దేశాల్లో వాతావరణ శాఖ వాన లెక్క పొద్దున్నించి మర్నాడు పొద్దున దాకా తీస్తుంది, మోడల్ యాప్‌లు అర్ధరాత్రి నించి అర్ధరాత్రి దాకా చూపిస్తాయి.

అలవాటు తీసెయ్యడం

ఇప్పుడు ఒక్కో మోడల్‌కి మోడల్ చెప్పింది మైనస్ మీరు కొలిచింది, ఇది ఆరోజు తప్పు. ప్లస్ వస్తే ఎక్కువ చెప్పింది, మైనస్ అయితే తక్కువ చెప్పింది. గుర్తు తీసెయ్యకుండా గత 30 రోజుల సగటు తీస్తే అదే దాని అలవాటు. మొదట్లో చెప్పిన అంకెలే తీసుకుందాం: మొదటిది 36, దాని అలవాటు ప్లస్ 2.1, సరిదిద్దితే 33.9. రెండోది 33, అలవాటు మైనస్ 0.9, సరిదిద్దితే అదీ 33.9. మూడోది 34.5, అలవాటు ప్లస్ 0.4, సరిదిద్దితే 34.1. చూశారా, మూడు డిగ్రీల తేడాతో గొడవపడుతున్నవి సరిదిద్దగానే దాదాపు ఒకే మాట మీదకొచ్చాయి, సగటు 34. సరిదిద్దకుండా తీసిన సగటు 34.5. ఇది లెక్క కోసం నేను వేసుకున్న ఉదాహరణే, మీ షీట్‌లో కొన్ని రోజులు ఇలా కలుస్తాయి, కొన్ని రోజులు కలవవు.

గరిష్ఠానికి కనిష్ఠానికి అలవాట్లు విడిగా తియ్యండి, ఒకే మోడల్ మధ్యాహ్నం వేడిని ఎక్కువ చెప్పి, గాలిలేని నిర్మలమైన రాత్రుల్లో లోయలోకి దిగే చలిని అస్సలు పట్టుకోలేకపోవచ్చు, రెండూ కలిపి సగటు తీస్తే తప్పే లేనట్టు కనిపిస్తుంది.

అలవాటు ఎందుకొస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. 13 కిలోమీటర్ల గడిలో మోడల్‌కి ఒకే ఎత్తు ఉంటుంది, మీ ఊరు కొండ మీద ఉంటే ఆ గడి సగటు ఎత్తు మీకన్నా 300 మీటర్లు కింద ఉండొచ్చు, మామూలుగా కిలోమీటర్ ఎత్తుకి 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క కాబట్టి ఒక్క ఈ కారణానికే దాదాపు 2 డిగ్రీల తేడా వస్తుంది. అయితే ఓపెన్-మెటియో లాంటివి 90 మీటర్ల ఎత్తు మ్యాప్ చూసి ఈ సవరణ ముందే చేసి ఇస్తాయి, మీరు మళ్ళీ చేస్తే రెండుసార్లు అవుతుంది, జాగ్రత్త. తీరం పక్కన ఉంటే మీ గడి మోడల్ దృష్టిలో సముద్రం అయ్యుండొచ్చు, అప్పుడు పగలు రాత్రి తేడానే సరిగ్గా రాదు, నేల మీది గడిని ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోండి.

30 రోజుల సగటు కన్నా నాకు బాగా నచ్చింది ఇంకో పద్ధతి, రోజూ పాత అలవాటుకి 95 శాతం, ఇవాళ్టి తప్పుకి 5 శాతం విలువ ఇచ్చి కలపడం. పాత అలవాటు 2.0, ఇవాళ తప్పు 4 అయితే కొత్తది 1.9 ప్లస్ 0.2, అంటే 2.1. ఒక్క విచిత్రమైన రోజు వల్ల తలకిందులు కాదు, సీజన్ మారుతుంటే మెల్లగా తనే మారుతుంది, షీట్‌లో ఒక్క ఫార్ములా. సీజన్ ఒక్కసారిగా మారే చోట్ల, ఎండలు పోయి వానలు మొదలయ్యే రెండు వారాల్లో 5 బదులు 10 శాతం పెడితే త్వరగా అందుకుంటుంది.

ఇప్పుడు కలపండి

సరిదిద్దిన అంకెల మామూలు సగటుతో మొదలుపెట్టండి. ఇది చిన్నచూపు చూడాల్సింది కాదు, 1969లో బేట్స్, గ్రేంజర్ అనే ఇద్దరు ఫోర్‌కాస్ట్‌లు కలపడం మీద పేపర్ రాసినప్పటినుంచీ తెలివైన వెయిట్లు (ఒక్కోదానికి ఎంత విలువ ఇవ్వాలనే అంకెలు) పెట్టి మామూలు సగటుని ఓడించడం ఎంత కష్టమో పరిశోధకులు మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నారు. కారణం ఏంటంటే వెయిట్లు తీయడానికి మన దగ్గరున్న డేటా తక్కువ, 30 రోజుల్లో ఒక మోడల్ అదృష్టం కొద్దీ బాగా చెప్పి ఉండొచ్చు.

రెండు మూడు నెలల డేటా వచ్చాక, ఒకటి స్పష్టంగా వెనకబడి ఉందని తేలాక వెయిట్లు పెట్టండి. అలవాటు తీసేశాక మిగిలిన తప్పుల్ని గుర్తు లేకుండా సగటు తియ్యండి. మూడిటికి 1.0, 1.2, 2.0 వచ్చాయనుకోండి, ఒక్కోదాన్ని దాంతోనే గుణించి, 1ని ఆ వచ్చిన అంకెతో భాగించండి: 1, 0.69, 0.25. మొత్తం 1.94. దాంతో భాగిస్తే 51, 36, 13 శాతం. ఏదైనా మోడల్ ఆరోజు రాకపోతే మిగిలినవాటి వెయిట్లని మళ్ళీ నూరు శాతానికి సరిచెయ్యండి.

ఇంకో మాట, సరిదిద్దాక కూడా మోడల్స్ మధ్య తేడా ఎక్కువుంటే ఆ తేడాని దాచకండి. 34 అని రాసేబదులు 32 నుంచి 36 అని రాసుకోండి. అలాంటి రోజు పంటకి మందు కొట్టాలా, కాంక్రీట్ వెయ్యాలా అనే నిర్ణయం ఆగగలిగితే తర్వాతి రన్ దాకా ఆగడం మంచిది.

వానని టెంపరేచర్‌లా కలపకండి

నాలుగు మోడల్స్‌లో ఒకటి 40 మిల్లీమీటర్లు, మిగిలిన మూడూ సున్నా అంటే సగటు 10. ఆ 10 అనేది నలుగురిలో ఒక్కరు కూడా చెప్పని మాట. పైగా ఉరుముల వాన పది కిలోమీటర్లు పక్కన పడినా మోడల్ దాదాపు సరిగ్గానే చెప్పినట్టు, మీకు మాత్రం చుక్క పడదు. రోజూ ఏదో ఒక మోడల్ కొంచెం వాన చూపిస్తుంటుంది కాబట్టి సగటు తీస్తే ప్రతిరోజూ చిన్న తుంపర ఉన్నట్టే వస్తుంది.

అందుకే వానకి రెండు ప్రశ్నలు విడిగా అడగండి: 1 మిల్లీమీటర్ దాటే ఛాన్స్ ఎంత, పడితే ఎంత పడొచ్చు. మొదటిదానికి ఎన్సెంబుల్స్ వాడండి. అంటే ఒకే మోడల్‌ని మొదలయ్యే స్థితిలో చిన్న చిన్న మార్పులు చేసి చాలాసార్లు నడుపుతారు, అలా నడిపిన ఒక్కోదాన్ని మెంబర్ అంటారు, ఈసీఎండబ్ల్యూఎఫ్ దాంట్లో 51, అమెరికా దాంట్లో 31 ఉంటాయి. 51లో 34 వాన అంటే 67 శాతం, 31లో 9 అంటే 29 శాతం, రెండిటి సగటు 48. మొత్తం 82 మెంబర్లని ఒకే గంపలో పోసి లెక్కపెట్టకండి, ఎక్కువ మెంబర్లున్నది ఎక్కువ కరెక్ట్ అని కాదు కదా. రెండోదానికి వాన చూపించిన మెంబర్లని మాత్రమే తీసుకుని మధ్య విలువ చూడండి.

ఈ శాతాలకీ అలవాటు ఉంటుంది. మీరు 60 నుంచి 70 శాతం అని రాసుకున్న రోజులన్నీ వెతికి అందులో నిజంగా ఎన్ని రోజులు పడిందో లెక్కపెట్టండి, పదిలో నాలుగే అయితే మీ 65ని 40గా చదువుకోవాలి. మొత్తం మీద ఎంత బాగుందో చూడ్డానికి 1950లో బ్రయర్ అనే ఆయన చెప్పిన స్కోర్ ఇప్పటికీ వాడతారు, 70 శాతం అన్నాక వాన పడితే 0.7 మైనస్ 1, దాని వర్గం 0.09, పడకపోతే 0.49. సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. వానకి ఒక్క నెల డేటా చాలదు, కనీసం ఒక వానాకాలం పడుతుంది.

గాలి దిక్కుని అస్సలు నేరుగా సగటు తియ్యకండి. ఒకటి 350 డిగ్రీలు, ఇంకోటి 10 డిగ్రీలు అంటే రెండూ ఉత్తరపు గాలే చెప్తున్నాయి, సగటు తీస్తే 180, అంటే దక్షిణం. తూర్పు పడమర భాగం, ఉత్తర దక్షిణ భాగం విడగొట్టి, వాటి సగటు తీసి, మళ్ళీ దిక్కుగా మార్చాలి. మోడల్ గాలి 10 మీటర్ల ఎత్తుది, మీ సెన్సర్ 3 మీటర్ల మీద ఉంటే తక్కువే చూపిస్తుంది, అది మోడల్ తప్పు కాదు. తేమ శాతం బదులు డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే టెంపరేచర్) కలపండి, తేమ శాతం టెంపరేచర్‌తో పాటు ఊగుతుంది.

వచ్చే రెండు గంటలకి మోడల్స్ పక్కన పెట్టండి

మోడల్ రన్ మొదలైన కొన్ని గంటలకి గానీ మీ చేతికి రాదు, ఈలోపు మేఘం వచ్చి వెళ్ళిపోతుంది. దగ్గరి టైమ్‌కి రాడార్ చూడండి, చివరి మూడు నాలుగు చిత్రాల్లో ఎటు కదులుతోందో గమనించి అదే వేగంతో ముందుకి జరపండి. రాడార్ దూరంగా ఉంటే ఒక ఇబ్బంది ఉంది, అర డిగ్రీ కోణంలో వెళ్ళే కిరణం 100 కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి నేల నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, కింద పడే సన్నటి వాన దానికి కనపడదు. రాడార్ లేని చోట శాటిలైట్ చూడండి, జపాన్ శాటిలైట్ హిమావారి పది నిమిషాలకోసారి చిత్రం ఇస్తుంది. రెండు గంటల నుంచి ఆరు గంటల దాకా రాడార్ మాట తగ్గించుకుంటూ మోడల్ మాట పెంచుకుంటూ పోండి.

మీ బ్లెండ్‌ని పరీక్షించడం

అలవాట్లు, వెయిట్లు మొదటి 60 రోజులతో తీసి తర్వాతి 30 రోజుల మీద పరీక్షించండి, అవే రోజుల మీద పరీక్షిస్తే ఎప్పుడూ బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. దేంతో పోల్చాలంటే మూడిటితో: ఇవాళ ఎంతుందో రేపూ అంతే అనే అంచనాతో, సరిదిద్దిన మోడల్స్‌లో బెస్ట్ దాంతో, సరిదిద్దని సగటుతో. ఎండలు నిలకడగా ఉండే రోజుల్లో మొదటిదాన్ని ఓడించడమే కష్టం. మీ బ్లెండ్ బెస్ట్ సింగిల్ మోడల్‌ని కూడా దాటకపోతే కొన్నాళ్ళు ఆ ఒక్కదాన్నే వాడండి, అందులో తప్పేం లేదు.

తుఫాను, వరద, పిడుగుల విషయంలో మాత్రం ఈ షీట్ చూసి నిర్ణయాలు తీసుకోకండి. అలాంటి రోజులు మీ 90 రోజుల డేటాలో ఒకటి కూడా ఉండకపోవచ్చు, అలవాటు సవరణ అసలు పెరగాల్సిన అంకెని తగ్గించే ప్రమాదం కూడా ఉంది, అధికారిక హెచ్చరిక ఏం చెప్తే అది చెయ్యండి.

మోడల్స్ నడిపే సంస్థలు అప్పుడప్పుడు కొత్త వెర్షన్ తెస్తుంటాయి, ముందే ప్రకటిస్తాయి కూడా, ఆ తేదీ షీట్‌లో రంగు వేసి పెట్టుకోండి. ఒక మోడల్ అలవాటు ఉన్నట్టుండి మారిందనిపిస్తే ముందు అది చూడండి, వెర్షన్ మారి ఉంటే దాని ఒక్కదానికి పాత అలవాటు సున్నా చేసి, రెండు వారాలు 10 శాతంతో కొత్తగా నేర్చుకోనిచ్చి, అప్పటిదాకా దాని వెయిట్ సగం చెయ్యండి. వెర్షన్ ఏమీ మారకుండా మోడల్స్ అన్నిటి అలవాటూ ఒకేసారి ఒకే వైపు జరిగితే అది మోడల్స్ తప్పు కాదు, వెళ్ళి మీ థర్మామీటర్ చూడండి.